ఇంగితానికి తగిలే గాయం

మన భాషలో ‘ఇంగితం’ అని ఒక చక్కని మాట ఉన్నది. నోట చెప్పని అభిప్రాయాన్ని చూపు వలన, ముఖకవళికల వలన, కంఠస్వరం వలన పసిగట్టడాన్ని పెద్దలు ఇంగితజ్ఞానమన్నారు. నేడు ఈ మాటను సామాన్యమైన లోకజ్ఞానమనే అర్థంలో వాడుతున్నాము గాని, ఎదుటివాని మనస్సు నెరగడమే దీని మొదటి అర్థం. ఒంగోలు గిత్తలు అమ్ముడుపోయే సంతలో తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకొని ధర చెప్పుకొనే దళారికి ఈ జ్ఞానమే పెట్టుబడి. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ విప్పి గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకొన్న వ్యాపారిని చూచి, ఇతనికి సరుకు నిజంగా నచ్చలేదా, లేక ధర తగ్గించడానికి పెదవి విరుస్తున్నాడా అని రైతు ఊహించేది దీనితోనే. పత్తి అమ్మి ఇంటికి వచ్చిన మనిషి కండువా తీసి దండెం మీద వేసే తీరును బట్టి ఆనాటి బేరం ఎట్లు జరిగినదో ఇల్లాలు గ్రహించేదీ దీనితోనే.

ఈ జ్ఞానం మనిషిలో ఎక్కడ ఉంటుంది? హృదయంలో ఉంటుందని లోకం నమ్మిక. అందుకే ఇతరుల కష్టం పట్టనివానిని హృదయం లేనివాడని నిందిస్తాము. అయితే తలకు దెబ్బ తగిలి, ప్రాణం దక్కి, నడక, మాట, జ్ఞాపకం అన్నీ తిరిగి వచ్చిన పిమ్మట, భార్య కంటతడి పెట్టినా తనకేమీ పట్టనట్లు కూర్చునే మనిషిని ఏమనాలి? అది గుణలోపమా, గాయమా? ఈ ప్రశ్నకు వైద్యులు సమాధానం వెదకిన చరిత్ర 175 సంవత్సరాలకు పైబడినది. ఆ చరిత్రను ఇక్కడ సంగ్రహంగా చెప్పదలచాము.

కథ ఒక రైలుమార్గం దగ్గర ఆరంభమవుతుంది. 1848 సెప్టెంబరు 13వ తేదీన అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, కావెండిష్ అనే ఊరి వద్ద, పట్టాలు వేయడానికి బండలు పగులగొడుతున్నారు. ఆ పనివారికి మేస్త్రీ ఫినియస్ గేజ్ అనే 25 ఏళ్ల యువకుడు. రాతిలో తొలిచిన రంధ్రంలో మందు కూరుతుండగా అది పేలింది. 3 అడుగుల 7 అంగుళాల పొడవు, 13 పౌన్లకు మించిన బరువు గల ఇనుప కడ్డీ అతని ఎడమ చెంప కింద ప్రవేశించి, కంటి వెనుకగా మెదడు ముందు భాగాన్ని చీల్చుకొని, నెత్తి మీదుగా వెలువడి దూరాన పడింది. చూచినవారంతా చనిపోయినాడనే అనుకొన్నారు. కాని అతడు కొద్ది నిమిషాలలోనే మాటలాడాడు. ఎద్దుబండిలో కూర్చుని బసకు చేరుకొన్నాడు. జాన్ హార్లో అనే పల్లెటూరి వైద్యుడు అతనికి చికిత్స చేశాడు. ఎడమ కన్ను పోయినది గాని, కొన్ని నెలలలో గాయం మానింది.

హార్లో ఈ కథను 1868లో మరల విపులంగా ప్రకటించాడు. ప్రమాదానికి ముందు గేజ్ నేర్పరి, నిదానస్థుడు. పై అధికారులకు ఇష్టుడు. ప్రమాదం తరువాత అతనిలో ఓర్పు నశించింది. తోటివారి యెడల మర్యాద తగ్గింది. నోటి వెంట దుర్భాషలు వెలువడేవి. ఒక పని తలపెట్టి అంతలోనే విడిచిపెట్టేవాడు. ఇతడు మునుపటి గేజ్ కాడని స్నేహితులే తేల్చివేశారు. కంపెనీ అతనిని తిరిగి పనిలోకి తీసుకొనలేదు. మనిషి నడవడికి, ఇతరులతో అతడు మెలగే తీరుకు మెదడులో ఆధారం ఉన్నదని చెప్పడానికి నాటి నుంచి నేటి వరకు వైద్యులు ఈ కథనే ముందుగా చెబుతున్నారు.

అయితే చెప్పగా చెప్పగా కథ పెరిగింది. గేజ్ తాగుబోతై, దేశదిమ్మరియై నశించినాడని తరువాతి గ్రంథాలు వర్ణించాయి. మాల్కమ్ మాక్‌మిలన్ అనే పండితుడు పాత పత్రాలన్నీ వెదకి, 2000 సంవత్సరంలో వెలువరించిన గ్రంథంలో ఈ కల్పనలను చాలావరకు ఖండించాడు. గేజ్ దక్షిణ అమెరికాలోని చిలీ దేశానికి వెళ్లి, కొన్నేళ్లపాటు ప్రయాణికుల గుర్రపు బండి తోలాడు. గుర్రాలను అదుపు చేస్తూ, ప్రయాణికులతో సరిపెట్టుకొంటూ, వేళ తప్పకుండా బండి నడపడం మర్యాద తెలియనివానికి సాధ్యమయ్యే పని కాదు. అనగా, నియమబద్ధమైన పని దొరికిన మీదట అతడు చాలావరకు కుదుటపడి ఉండాలి. 1860లో మూర్ఛలు వచ్చి మరణించాడు. అతని పుర్రె, ఆ కడ్డీ నేటికీ హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో ఉన్నాయి. గేజ్ చెడిపోయిన కథ ప్రపంచమంతటా పాకింది; బాగుపడిన కథ నూటయాభై ఏళ్లు మరుగున పడింది. గాయపడినవాని యెడల లోకం తీర్పు ఎంత తొందరగా వస్తుందో దీనివలన తెలుస్తున్నది.

1861లో పారిస్ నగరంలో పాల్ బ్రోకా అనే వైద్యుడు, మాట పడిపోయిన రోగి మెదడును అతని మరణానంతరం పరీక్షించి, మాటకు మెదడులో ఎడమవైపున ఒక స్థానమున్నదని నిరూపించాడు. మాటకు స్థానమున్నప్పుడు మర్యాదకు, దయకు మాత్రం ఉండదా? జ్యూరిచ్ నగరంలో లియోనోర్ వెల్ట్ అనే వైద్యురాలు 1888లో ఈ ప్రశ్ననే ఎత్తుకొన్నది. పైఅంతస్తు కిటికీ నుంచి పడి నుదుటి ఎముక చితికిన ఒకని స్వభావం మారిన తీరును వర్ణించి, అటువంటి పాత వృత్తాంతాలను సేకరించి పోల్చి, కనుగుంటలకు పైన ఉండే మెదడు భాగం దెబ్బ తిన్నప్పుడు స్వభావం మారుతున్నదని వ్రాసింది.

పిమ్మట రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చాయి. గుండ్లు తగిలిన తలలు వేల సంఖ్యలో ఆస్పత్రులకు చేరాయి. జర్మనీలో కుర్ట్ గోల్డ్‌స్టీన్, రష్యాలో అలెగ్జాండర్ లూరియా ఈ సైనికులను సంవత్సరాల తరబడి పరిశీలించారు. లూరియా వర్ణించిన వారిలో జాసెట్‌స్కీ అనే యువకుడు ఒకడు. 1943లో అతని తల ఎడమవైపున, వెనుక భాగంలో తుపాకి గుండు దిగింది. చదువు పోయింది, తన శరీరంలో కుడి ఎడమలు తెలియకుండా పోయాయి, సొంత ఊరిలోనే దారి తప్పేవాడు. అయినప్పటికీ మెదడు ముందు భాగం చెక్కుచెదరలేదు. అందుచేత తన దుఃఖం తనకు తెలుసు, తన తల్లి దుఃఖమూ తెలుసు. రోజుకు కొన్ని వాక్యాలు మాత్రమే కూడబలుక్కొంటూ, 25 ఏళ్లలో 3000 పుటల ఆత్మకథ వ్రాశాడు. గేజ్‌ను, ఇతనిని పక్కపక్కన నిలిపి చూచిన యెడల విషయం తేటపడుతుంది. ఒకనికి తెలివితేటలు నిలిచి, మనుష్యులతో మెలగే నేర్పు చెడింది. మరొకనికి తెలివితేటలు చితికి, మానవత్వం నిలిచింది. కనుక తెలివి వేరు, ఇంగితం వేరు.

ఈ చరిత్రలో చీకటి అధ్యాయమూ ఒకటి ఉన్నది. 1935లో పోర్చుగల్ దేశపు వైద్యుడు ఎగాస్ మోనిజ్, మనోవ్యాధులకు చికిత్సగా మెదడు ముందు భాగంలోని నరాల దారులను తెంచే శస్త్రచికిత్స ఆరంభించాడు. 1949లో ఆయనకు నోబెల్ బహుమానం కూడ లభించింది. మన దక్షిణాదిలోనూ బెంగుళూరు మానసిక వైద్యశాలలో ఈ శస్త్రచికిత్స జరిగింది. 1944లో అక్కడి వైద్యులు గోవిందస్వామి, బాలకృష్ణరావు దీనిని గురించి ‘లాన్సెట్’ పత్రికలో వ్రాశారు. రోగులలో కొందరు శాంతించిన మాట నిజమే. కాని ఆ శాంతికి వెల ఉన్నది. ఇంటికి తిరిగి వచ్చిన మనిషి అలగడు, అరవడు. పిల్లలు పలకరించినా పరవశించడు. 1950లలో మందులు రావడంతో ఈ పద్ధతి క్రమంగా మూలబడింది.

ఎదుటివాని మనస్సు నెరగడమంటే ఏమిటో కొలిచి చూచే మార్గం అంతవరకు లేదు. ఆ మార్గం పసిపిల్లల వలన దొరికింది. 1978లో అమెరికాలో ప్రేమాక్, వుడ్రఫ్ అనే ఇద్దరు, చింపాంజీకి ఇతరుల మనస్సును ఊహించే శక్తి ఉన్నదా అని ప్రశ్నించారు. 1983లో విమ్మర్, పెర్నర్ అనేవారు పిల్లల కోసం ఒక చిన్న కథ కట్టారు. దానిని మన ఇంటి కథగా చెప్పుకొందాము. పిల్లవాడు బెల్లం ముక్కను ఉట్టిలో దాచి ఆటకు పోయినాడు. అతడు లేనప్పుడు తల్లి దానిని అలమరలో పెట్టింది. తిరిగి వచ్చిన పిల్లవాడు ముందుగా ఎక్కడ వెదకుతాడు? మూడేళ్ల బిడ్డ అలమరలోనే అంటుంది. తనకు తెలిసినది అందరికీ తెలుసునని దాని నమ్మకం. నాలుగైదేళ్లు వచ్చేసరికి, ఉట్టిలో వెదకుతాడని సరిగా చెబుతుంది. తన మనస్సు వేరు, పరుల మనస్సు వేరు అనే గ్రహింపు ఆ వయస్సులో కుదురుతుంది.

మెదడుకు గాయమైన పెద్దలను ఇటువంటి ప్రశ్నలతో పరీక్షించగా వింత విషయాలు బయటపడ్డాయి. 1998లో స్టోన్, బారన్ కోహెన్, నైట్ అనే ముగ్గురు, కనుగుంటల పైభాగపు మెదడు దెబ్బ తిన్నవారిని పరిశీలించారు. బెల్లం ముక్క వంటి ప్రశ్నలకు వారు చక్కగా జవాబు చెప్పారు. కాని సభామర్యాద తప్పిన మాటను గుర్తించలేకపోయారు. విందులో ఒకరు పులిహోర రుచి చూచి, ఇది నోట పెట్టే విధంగా లేదని అన్నారనుకొందాము. వండిన ఇల్లాలు పక్కనే ఉన్నది. అనకూడని మాట అన్నారని మనకు వెంటనే తడుతుంది. ఆ రోగులకు తట్టలేదు.

2009లో ఇజ్రాయెల్ దేశంలో సిమోన్ షమాయ్ సూరి, ఆమె సహచరులు మరొక అడుగు ముందుకు వేశారు. సానుభూతికి మెదడులో రెండు దారులున్నవని వారి పరిశోధన సూచించింది. ఎదుటివాడు ఏమనుకొంటున్నాడో ఊహించడం ఒక దారి. అతని బాధకు మన గుండె కరగడం మరొక దారి. నుదుటి వెనుక, నడిమి అడుగు భాగం చెడినవారికి మొదటిది కష్టమైనది. పక్క భాగం చెడినవారికి రెండవది తగ్గింది. ‘ఆమె ఏడుస్తున్నదని నాకు తెలుసు, కాని నాకేమీ అనిపించడం లేదు’ అనే మనిషి అబద్ధమాడుతున్నాడని అనుకొనవలసిన పని లేదు. అతనికి ఒక దారి తెరచి, మరొక దారి మూసుకొని ఉండవచ్చును.

రేడియో వినేవారికి ప్రత్యేకంగా చెప్పదగిన సంగతి మరొకటి ఉన్నది. రేడియో నాటకంలో ముఖం కనబడదు, స్వరమొక్కటే ఆధారం. ‘రండి’ అనే ఒక్క మాటలో ఆహ్వానమున్నదో, ఎత్తిపొడుపు ఉన్నదో స్వరమే చెబుతుంది. ఈ స్వరభావానికి ముఖ్యమైన ఆధారం మెదడు కుడిభాగంలో ఉన్నదని 1979లో ఎలియట్ రాస్, మార్సెల్ మెసులమ్ అనే వైద్యులు చూపించారు. వారు వర్ణించిన ఇద్దరు రోగులలో ఒకరు బడిపంతులమ్మ. కుడిభాగానికి దెబ్బ తగిలిన తరువాత ఆమె మాటలో తప్పు లేదు, అర్థంలో లోపం లేదు. స్వరంలో మాత్రం కోపమూ ఆప్యాయతా పలకడం మానివేశాయి. తరగతిలో పిల్లలు ఆమె మాట లెక్కచేయలేదు. లోపల భావం ఉన్నప్పటికీ అది బయటికి వచ్చే ద్వారం మూసుకొన్నది.

అదే విధంగా, మెదడు లోతున బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అనే భాగం నశించిన ఒక స్త్రీని 1994లో అడాల్ఫ్స్ బృందం వర్ణించింది. ముఖాలలో భయాన్ని ఆమె గుర్తించలేదు. పదకొండేళ్ల తరువాత, 2005లో కారణం తెలిసింది: ఆమె ఎదుటివారి కన్నుల వైపు చూడడం లేదు. కన్నులు చూడమని చెప్పినంతసేపు ఆమె భయాన్ని గుర్తించగలిగింది. పోయినదంతా పూర్తిగా పోయినది కాదని, చూపవలసిన వైపు చూపితే కొంత తిరిగి వచ్చునని ఈ వృత్తాంతం ఆశ కలిగిస్తున్నది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడ అవసరం. మెదడు పటం మీద వేలు పెట్టి, దయ ఇక్కడ, మర్యాద అక్కడ అని గీతలు గీయడం తగదు. 2004లో ఇంగ్లండులో బర్డ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఒక రోగిని పరీక్షించారు. నుదుటి వెనుక నడిమి భాగం విస్తారంగా పాడైనప్పటికీ, ఆమె ఇతరుల మనస్సును ఊహించే పరీక్షలలో చక్కగా నెగ్గింది. కనుక గాయమైన ప్రతివాడూ ఇట్లే అవుతాడని ముందుగా తీర్మానించడమూ అన్యాయమే.

ఇంగితం చెడడానికి దెబ్బే తగలనక్కరలేదు. మెదడు ముందు భాగాలు, కణతల వైపు భాగాలు క్రమంగా క్షీణించే వ్యాధి ఒకటి ఉన్నది. 1892లో ప్రేగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ అనే వైద్యుడు ఇటువంటి క్షీణతను మొదట వర్ణించాడు. నడివయస్సు దాటిన పెద్దమనిషి ఉన్నట్టుండి సిగ్గు విడిచి ప్రవర్తిస్తాడు. తోబుట్టువు మరణవార్త విని కూడ ఫలహారం అడుగుతాడు. ఇంటివారు మతి చెడినదనో, మనసు రాయియైనదనో అనుకొంటారు. మన హైదరాబాదులో నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి, ఆమె బృందం ఇటువంటి రోగులనూ, ఇతర మతిమరపు రోగులనూ పరిశీలించారు. 2013లో వారు ప్రకటించిన పరిశోధన 648 మంది రోగులకు సంబంధించినది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు వంటి భాషలలో రెండు గాని, అంతకు మించి గాని మాటలాడేవారికి వ్యాధి సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా వచ్చినట్లు తేలింది. చదువురాని వారిలో కూడ ఈ భేదం కనిపించింది. ప్రవర్తన చెడే పైరకం వ్యాధి కూడ రెండు భాషలవారికి ఆలస్యంగానే వచ్చిందని 2017లో వారే తెలిపారు. ఇతర దేశాలలో జరిగిన పరిశోధనలన్నీ దీనితో ఏకీభవించలేదు గాని, ఆలోచింపదగిన విషయం. ఎదుటివానిని చూచి ఏ భాషలో పలకరించాలో క్షణక్షణం ఎంచుకొనే మనిషి, ఎదుటివానిని లెక్కలోకి తీసుకొనడం నిత్యమూ సాధన చేస్తున్నాడు గదా.

ఇక మన నల్లరేగడి సీమకు వద్దాము. చెన్నై నుంచి కోల్‌కతాకు పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఒంగోలు, చిలకలూరిపేట, గుంటూరు ప్రాంతాల మీదుగా సాగుతున్నది. మిరప కోతల కాలంలో దూరపు ఊళ్ల నుంచి వచ్చిన కూలీలు ట్రాక్టర్లలో, ఆటోలలో కిక్కిరిసి పొలాలకు పోతారు. టిక్కీలు నింపుకొన్న లారీలు రాత్రింబగళ్లు యార్డుకు నడుస్తాయి. మోటారు సైకిలు లేని ఊరు లేదు. ఈ రోడ్ల మీద తలకు దెబ్బ తగిలినవారిని ఆస్పత్రిలో వైద్యులు బ్రతికిస్తున్నారు. 1949లో వెల్లూరులో డాక్టరు జాకబ్ చాందీ, 1950లో మద్రాసులో డాక్టరు రామమూర్తి మెదడు శస్త్రచికిత్సకు దక్షిణాదిలో పునాది వేసిన నాటికి, ఇటువంటి క్షతగాత్రులు బ్రతకడమే అరుదు. నేడు బ్రతుకుతున్నారు. అసలు పరీక్ష ఇంటికి వచ్చిన తరువాత మొదలవుతుంది.

చేయి విరిగిన మనిషిని బరువు మోయలేదని ఎవరూ తిట్టరు. ఇంగితం విరిగినవానిని మాత్రం అందరూ తిడతారు. గాయం కనబడదు, మాట స్పష్టంగా ఉంటుంది, లెక్కలు తప్పవు. కనుక కావాలనే చేస్తున్నాడంటారు. కోడలి జాతకం మంచిది కాదనే ఇరుగుపొరుగులు కూడ ఉంటారు. 1986లో గ్లాస్గో నగరపు పరిశోధకులు, తలకు తీవ్రమైన దెబ్బలు తగిలినవారి కుటుంబాలను ఐదేళ్ల తరువాత విచారించగా, మొదటి ఏడాదికంటె బరువు పెరిగినదనే చెప్పారు. ఆ బరువుకు ముఖ్య కారణం కాళ్లూ చేతులూ కాదు, మారిన స్వభావమే.

ఇటువంటి ఇంట చేయదగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, మారిన నడవడిని దాచక వైద్యునికి చెప్పడం. తలనొప్పి, మూర్ఛల వలె ఇదీ వ్యాధి లక్షణమే. రెండవది, కనుసైగలతో, అలకలతో, మౌనంతో చెప్పడం మాని, ముక్కుసూటిగా మాటలో చెప్పడం. ‘నాకు బాధగా ఉన్నది, కొంచెంసేపు నా దగ్గర కూర్చో’ అంటే అతనికి అర్థమవుతుంది. ముఖం తిప్పుకొంటే అర్థం కాదు. మూడవది, దినచర్యను ఒక పద్ధతిలో ఉంచి, చేయగలిగిన పని అప్పగించడం. గేజ్‌కు గుర్రపు బండి చేసిన మేలు అదే. బెంగుళూరు నిమ్హాన్స్ వంటి చోట్ల ఇందుకు తగిన శిక్షణ ఇచ్చే నిపుణులున్నారు. ఇది గాయమని తెలుసుకొన్నంత మాత్రాన ఇల్లాలు తిట్లూ దెబ్బలూ మౌనంగా భరించవలెనని కాదు. ఆమెకు విశ్రాంతి, రక్షణ, బంధువుల ఆసరా చికిత్సలో భాగమే. ఇక అన్నిటికంటె చౌకైన మందు ముందుగానే ఉన్నది. బండి నడిపేవారు, వెనుక కూర్చున్నవారు కూడ హెల్మెట్ ధరించవలెనని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. అది పుర్రెనే గాక, పుర్రె లోపలి మనిషిని కూడ కాపాడుతుంది.

చివరగా ఒక మాట. 1895లో వినుకొండలో పుట్టిన జాషువ మహాకవి 1941లో ‘గబ్బిలం’ ప్రకటించాడు. ఆ కావ్యంలో అస్పృశ్యుడైన ఒక పేదవాడు, తన గోడు వినే మనిషి దొరకక, గబ్బిలంతో చెప్పుకొంటాడు. అతని మాట వినని ఊరివారి తలలకు ఏ ఇనుప కడ్డీ తగలలేదు. వారి మెదళ్లు ఆరోగ్యంగానే ఉన్నాయి. మెదడు మనకు పరుల మనస్సు నెరిగే శక్తిని ఇస్తుంది గాని, దానిని ఎవరి యెడల వాడాలో నిర్ణయించుకొనేది మనమే. గాయపడినవాడు మన మనస్సును చూడలేకపోవచ్చును. అతనిది చూచే శక్తి మనకు ఉన్నది గనుక, మొదటి అడుగు మనమే వేయవలసి ఉన్నది.